మేస్త్రి గడప దాటింది

జూన్ 4

మరదలికి,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెడదామంటే కలం కదలడం లేదు. అందరిలో ఒకరు తగ్గారు. నీ పిల్లి పారిపోయింది.

కంగారు పడకు, ముందు మొత్తం చదువు. స్నానాల గది తలుపు వానకి ఉబ్బిపోయి పట్టడం లేదని వడ్రంగిని పిలిచాను. ఆ మహానుభావుడు గాలి ఆడటం లేదని వీధి తలుపు బార్లా తీసి, పనిముట్ల పెట్టె దానికి అడ్డం పెట్టి చిత్రిక పట్టుకుంటూ కూర్చున్నాడు. మన మేస్త్రి సంగతి నీకు తెలుసుగా. పిల్లగా నువ్వు బుట్టలో తెచ్చి ఇచ్చిన నాటినుంచి గడప దాటలేదు. మిల్లులో మా పాత మేస్త్రి మగ్గం మగ్గం తిరిగి తనిఖీ చేసినట్టు గది గదీ తిరిగి, అన్నీ సరిగ్గా ఉన్నాయని తేల్చుకుని, వెళ్ళి మీ అన్నయ్య కాళ్ళమీద ఎక్కి కూర్చునేది. అందుకేగా దానికి ఆ పేరు. నిన్న తనిఖీ చేస్తూ చేస్తూ మెట్లు కూడా తన అజమాయిషీలోవే అనుకుందో ఏమో, రెండంతస్తులు దిగి వెళ్ళిపోయింది.

మంచం మీంచి మీ అన్నయ్య చూశాడు. పళ్ళెం మీద చెంచాతో కొట్టాడు. నేను వంటింట్లో ఉన్నాను. వచ్చి చూసేసరికి ఆలస్యమైపోయింది. అప్పటినుంచి తలుపు వైపే చూస్తున్నాడు. జావ సగమే తాగాడు.

ఆకలేస్తే అదే వస్తుంది, రాకేం చేస్తుంది. కూర్చుని తిన్న ప్రాణం. నువ్వు ఫోన్ చెయ్యకు, మా ఫోన్ ఇంకా బాగవలేదు. ఉత్తరమే రాయి.

మీ వదిన

జూన్ 9

వదినా,

సాయంత్రం గేటు వేసే వేళకి నూట ఇరవై మంది నర్సు పిల్లల్ని లెక్కపెట్టి లోపలికి తోలే మనిషిని నేను. ఇన్నేళ్ళ వార్డెన్ ఉద్యోగంలో ఒక్కరు తప్పిపోలేదు. నీకున్నది ఒక్క పిల్లి, ఒక్క తలుపు.

మీ ఫోన్ రెండేళ్ళుగా బాగవుతూనే ఉంది కనక మీ పక్క వాటా టైలరమ్మకి చేశాను. అన్నయ్య పళ్ళెం కొడుతూనే ఉన్నాడట. మిషన్ కుట్టుకుంటున్న ఆవిడకి గోడ అవతల వినపడింది. కింద సైకిల్ తుడుచుకుంటున్నాయనకి వినపడింది. వంటింట్లో ఉన్న నీకు వినపడలేదా? వడ్రంగి ఏమన్నాడో తెలుసా? "ఇంట్లో ఆవిడే పట్టించుకోకపోతే నాకెందుకులే అనుకున్నానమ్మా" అన్నాడట.

నువ్వు దాన్ని ఏనాడు దగ్గరికి తీశావు? బొచ్చు అన్నంలో పడుతోందనేదానివి. గోళ్ళతో పరుపు చించేస్తోందనేదానివి. పోతే పోయింది, పీడా విరగడైంది అని లోపల అనుకునే ఉంటావు. నా బాధ పిల్లి గురించి కాదు. మంచాన పడ్డ మనిషికి ఉన్నది అదొక్కటే. అదీ లేకుండా చేశావు.

వెతుకు. దొరికిందని రాయి. వేరే కబుర్లు నాకొద్దు.

నీ మరదలు

జూన్ 14

నా ముద్దుల ఆడపడుచుకి,

వేరే కబుర్లు వద్దన్నావు కనక అవే రాస్తాను.

ఆయనకి ఉన్నది అదొక్కటే అన్నావు. మరి నేనెవర్ని? పొద్దున లేస్తూనే ఆయన్ని పక్కకి తిప్పేది, వీపుకి పౌడరు రాసేది, గడ్డం గీసేది, దుప్పట్లు ఉతికేది ఏ పిల్లి? నీ పిల్లి ఆయన కాళ్ళమీద పడుకుని నిద్రపోయేది. నేను చెయ్యని పని అదొక్కటే, ఎందుకంటే నాకు తీరిక లేదు.

అసలు నువ్వెందుకు తెచ్చావు దాన్ని? మీ హాస్టల్ స్టోర్ రూములో ఈనితే తోసెయ్యడానికి చోటు లేక తెచ్చావు. పైగా "నేను రాలేను కదా వదినా, నా బదులు ఇది ఉంటుంది" అన్నావు. పెంచిన అన్న దగ్గరికి తన బదులు పిల్లిని పంపిన మనిషిని నిన్నే చూశాను. పక్షవాతం వచ్చాక నువ్వు ఈ ఇంటికి వచ్చిందెన్నిసార్లు? వచ్చిన పూట కూడా చెప్పులు విప్పకుండానే బస్సు టైము చూసుకుంటావు.

వెతకడం లేదనుకోకు. రోజూ సాయంత్రం ఆయనకి పక్క సర్ది, బయట తాళం వేసి, చేప ముక్కలు డబ్బాలో వేసుకుని వీధులన్నీ తిరుగుతున్నాను. ముసలావిడ "మేస్త్రీ, మేస్త్రీ" అని పిలుస్తూ కార్ల కింద వంగి చూస్తుంటే జనం నవ్వుతున్నారు. గోడ కట్టించడానికేమో అనుకుని ఒకాయన నిజంగానే మేస్త్రి అడ్రసు ఇచ్చాడు. మీ అన్నయ్యకి చెబితే మూతి వంకరగా నవ్వాడు. పిల్లి పోయాక అదే మొదటి నవ్వు.

నిన్న చూశాను దాన్ని. కలప అడితిలో దుంగల మీద కూర్చుని ఉంది. పిలిచాను. నన్ను చూసింది. గుర్తుపట్టింది కూడా. గుర్తుపట్టే, లేచి దుంగల వెనక్కి వెళ్ళిపోయింది.

మీ వదిన

జూన్ 21

వదిన గారికి,

టైలరమ్మ ఫోన్ చేసింది. మీరు రాయని సంగతి చెప్పింది.

మంగళవారం మధ్యాహ్నం అన్నయ్య మంచం మీంచి కింద పడ్డాడు. పడి, చెంచాతో మంచం కోడు మీద కొట్టాడు. కొట్టి కొట్టి ఆపేశాడు. ఆవిడ వచ్చి మీ తలుపు బాదింది. తియ్యలేదు. ఇంట్లో లేరేమో అనుకుని వెనక బాల్కనీలోకి వెళ్ళి చూస్తే, వంటింట్లో పొయ్యి ముందు నిలబడి ఏదో కూనిరాగం తీస్తూ గరిటె తిప్పుతున్నారట. "ఏమండీ, ఏమండీ" అని అరిచినా వెనక్కి తిరగలేదట. పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, తీరిగ్గా ముందుగదిలోకి వెళ్ళాక గానీ మీకు మొగుడు గుర్తుకు రాలేదు. అప్పటికి ఆయన నేలమీద తడిలో పడి ఉన్నాడు.

"ఆవిడ మంచిదే అనుకున్నానమ్మా, మనసులో ఇంత పెట్టుకుందని తెలీదు" అంది టైలరమ్మ. నాకు తెలుసు అన్నాను.

రోగిష్టి మొగుడంటే విసుగు అందరికీ ఉంటుంది. పళ్ళెం కొడుతుంటే వినీ విననట్టు నిలబడి పాట పాడుకునేంత గుండె మాత్రం అందరికీ ఉండదు. మీకు పిల్లలు పుట్టలేదని మా అమ్మ బాధపడేది. దేవుడు తెలిసే ఇవ్వలేదు.

ఇక్కడ మా హాస్టల్ వెనక వీధిలో రోగుల్ని చూసుకునే ఇల్లొకటి ఉంది. వాళ్ళతో మాట్లాడాను. మంచం ఖాళీ అవగానే వచ్చి అన్నయ్యని తీసుకెళతాను.

ఇట్లు,
ఆయన చెల్లెలు

జూన్ 25

అమ్మాయీ,

"గారు" అన్నావు. ఇన్నేళ్ళలో మొదటిసారి. బాగుంది.

రాయకూడదనుకున్నది రాస్తున్నాను. నాకు వినపడదు.

కొంచెం వినపడకపోవడం కాదు. అస్సలు వినపడదు. మిల్లులో మగ్గాల మధ్య ముప్పై ఏళ్ళు పనిచేస్తే ఎవరికి మిగిలాయి చెవులు? నాకు ముందు పక్షుల అరుపు పోయింది, తర్వాత ఫోన్ మోత పోయింది, ఆ తర్వాత మనుషులు పోయారు. గోడలకి చెవులుంటాయంటారు. ఈ ఇంట్లో గోడలకే ఉన్నాయి, నాకే లేవు. మా ఫోన్ బాగానే ఉంది. పాడైంది నేను.

నీకెందుకు తెలీలేదంటావా? మిల్లు ఆడవాళ్ళం మాట వినం, పెదాలు చూస్తాం. ఆ హోరులో అందరం అట్లాగే బతికాం. నువ్వు వచ్చినప్పుడు నీ మొహంలోకి చూస్తూ కూర్చుంటే "వదినకి నేనంటే ఎంత ఇష్టమో" అనేదానివి గుర్తుందా? నీ మాట చదువుకుంటున్నాను అప్పుడు.

మీ అన్నయ్య మాట కూడా అట్లాగే చదివేదాన్ని. జబ్బు చేశాక ఆయన మూతి వంకరపోయింది. పెదాలు కదిలినా అక్షరం తెలీదు. ఎడమచేత్తో రాయించబోతే గీతలు గీసి కలం విసిరేశాడు. కానీ మాకు ఇంకో మాట ఉంది. ఆయన ఫిట్టరు, నేను మగ్గం మీద. ఆ చివరినుంచి ఈ చివరికి చేతులతో మాట్లాడుకునేవాళ్ళం. ఒక చెయ్యి చచ్చుబడినా రెండోది ఉంది. ఎదురుగా ఉంటే మేం మాట్లాడుకోనిది లేదు.

ఎదురుగా లేనప్పుడే చిక్కు. ఆయన పళ్ళెం కొడతాడు, నాకు వినపడదు. మేస్త్రికి మాత్రం ఆ చప్పుడంటే హడలు. కొట్టగానే పరిగెత్తుకొచ్చి నా కాళ్ళ మధ్య చీరలో దూరేది. నాకదే కబురు. తెలివనుకోకు, వట్టి భయం. దాని భయం మీద మా కాపురం నడిచింది. అది పోయిన రోజున పళ్ళెం కొడుతుంటే నా కాళ్ళలో దూరడానికి ఎవరూ లేరు, ఎందుకంటే వెళ్ళిపోతున్నది అదే. మంగళవారం కూడా అంతే. పాట పాడుతున్నానన్నారు. ఏమో, పాడానేమో. నాకు వినపడలేదు.

ఎందుకు దాచావంటావు. ఆయన ఆస్పత్రినుంచి వచ్చిన రోజున నువ్వన్న మాట వల్ల. "చేతకాకపోతే చెప్పు వదినా, ఒక్క పూటలో ఏదో ఒక చోట చేర్చేస్తాను" అన్నావు. ఆ మాట నీ పెదాల మీద చాలా స్పష్టంగా కనపడింది.

ఇప్పుడు దారి దొరికింది. ఆయన మంచం దగ్గర స్విచ్చి పెట్టి వంటింట్లో ఒక బల్బు, స్నానాల గదిలో ఒక బల్బు వెలిగేట్టు చేస్తానన్నాడు కరెంటు పనివాడు. ఇంత చిన్న పని ఇన్నాళ్ళూ నా బుర్రకి తట్టలేదు, పిల్లిని నమ్ముకుని కూర్చున్నాను. ఇంక పడడు. ఆయన్ని తీసుకెళ్ళకు. నీకంటే పెద్దదాన్ని, అడుక్కుంటున్నాను.

మీ వదిన

జూలై 1

వదిన గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. జాలి కలిగింది, అబద్ధమాడను. ఆ జాలి మీద నా అన్నని మాత్రం వదిలిపెట్టలేను.

రెండేళ్ళు దాచారు. అన్నం పొయ్యి మీద పెట్టి ఆయన పిలిస్తే వినపడదని తెలుసు. ఇల్లు అంటుకున్నా వినపడదని తెలుసు. సాయంత్రాలు బయట తాళం వేసి పిల్లి కోసం తిరిగారు. నా మాటకి భయపడి దాచానంటున్నారు. నింద నా మీదికి తోయడానికి ఎంత బాగా కుదిరింది! మాట లేని మనిషికి చెవుల్లేని మనిషి కాపలా, ఇద్దరి మధ్యా పిల్లి పెద్దమనిషి. ఇది కాపురమా, పిట్టకథా?

చేతి సైగల సంగతంటారా, నేనూ చూశాను. డాక్టరు కూడా చూశాడు. నరాలు లాగుతాయి అన్నాడు. మీకు అందులో మాటలు కనపడుతున్నాయంటే కనపడాలని ఉంది కనక.

ఆదివారం అంబులెన్సు తీసుకుని వస్తున్నాను. బట్టలు సర్ది ఉంచండి.

ఆయన చెల్లెలు

జూలై 8

అమ్మాయీ,

ఆయన ఎట్లా ఉన్నాడు? ముందు అది రాయి, మిగతాది చదివినా మానినా.

నువ్వు వచ్చావు, నీ పని చేసుకుని వెళ్ళావు. నేను అడ్డుపడలేదని టైలరమ్మ ఆశ్చర్యపోయింది. ఎట్లా అడ్డుపడను? ఎవరేమంటున్నారో తెలిస్తే కదా. అంబులెన్సు వాళ్ళతో మాట్లాడేటప్పుడల్లా నువ్వు మొహం గోడ వైపు తిప్పావు. మొదట అనుకోకుండా తిరిగావనుకున్నాను. నేను అటు వచ్చి నిలబడితే నువ్వు ఇటు తిరిగావు. అప్పుడు అర్థమైంది. నా చెవుల సంగతి నేను చెప్పింది నీకే. అది పట్టుకుని నన్ను నా ఇంట్లోనే బయట నిలబెట్టావు.

స్ట్రెచర్ మెట్లు దిగుతుంటే మీ అన్నయ్య నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళు చెయ్యి లోపలికి పెట్టి పట్టీ బిగించారు. మాట సగంలో ఆగిపోయింది.

బల్బులు శనివారమే పెట్టి వెళ్ళాడు కరెంటు పనివాడు. ఒక్కరోజు పనిచేశాయి. ఆ ఒక్కరోజులో ఆయన ఊరికే ఎన్నిసార్లు నొక్కాడో. పరిగెత్తుకెళితే ఏమీ వద్దనేవాడు. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టు.

జావలో ఉప్పు తక్కువ వెయ్యమను. ఎడమ వైపు పడుకోబెడితే నిద్రపోడు.

మీ వదిన

జూలై 17

వదినా,

అన్నయ్య తిండి సరిగ్గా తినడం లేదు. పళ్ళెం కొడుతుంటే మిగతా రోగులకి ఇబ్బందని తీసేసుకున్నారు. నేను రోజూ వెళుతున్నాను. పెద్ద గది, పన్నెండు మంచాలు, శుభ్రంగానే ఉంటుంది. ఆయాలు మంచివాళ్ళే. ఒక్కొక్కరికి ఆరుగురు రోగులు, నిలబడి చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఎడమచేత్తో కుడి భుజం మీద రెండు వేళ్ళతో కొట్టుకుంటున్నాడు. మాటిమాటికీ అదే. భుజం నొప్పేమో అని బిళ్ళ ఇచ్చారు. ఆగలేదు. సూది వేశారు. నిద్ర లేచాక మళ్ళీ అదే. ఇంకొకటి, బొటనవేలితో చూపుడువేలిని నలుపుతూ నా మొహంలోకి చూస్తాడు. నేను "నీళ్ళా?" అంటాను, "ఫ్యానా?" అంటాను. కళ్ళు మూసుకుంటాడు.

నరాలు లాగడం అనుకున్నాను. నరాలు లాగితే మొహంలోకి ఎందుకు చూస్తాడు?

నిన్న చెయ్యి విసిరితే జావ గిన్నె ఆయా మీద పడింది. ఇట్లాగే చేస్తే చెయ్యి కట్టేస్తామంటున్నారు. ఆ సైగలకి అర్థాలుంటే రాసి పంపించు. గోడకి అంటిస్తాను. ఆయాలకి చదివి చెబుతాను.

నీ మరదలు

జూలై 21

ఆడపడుచుకి,

"వదినా" అన్నావు. అవసరం వస్తే "గారు" ఊడిపోతుంది, చూశావా?

అర్థాలు ఉన్నాయి. నువ్వు రాసిన రెండూ నాకు తెలుసు. ఏమంటున్నాడో ఇక్కడ కూర్చునే చెప్పగలను. చెప్పను.

పిట్టకథ అన్నావు. కనపడాలని ఉంది కనక కనపడుతున్నాయన్నావు. అట్లాంటి పిచ్చి సైగలు గోడకి అంటించడం ఎందుకు? నువ్వు చదువుకున్నదానివి, నూట ఇరవై మందిని ఏలేదానివి. చూసి నేర్చుకో. మేం హోరులో నేర్చుకున్నాం. నీకు నిశ్శబ్దం కూడా ఉంది.

ఆ మాట పోస్టులో రాదు. మనిషిని పంపించు, మాట ఆయనతోపాటే వస్తుంది. ఈలోపు చెయ్యి కట్టేస్తారంటావా? కట్టనీ. నాలుగు రోజులు ఓర్చుకుంటాడు, మొండి ఘటం, నాకు తెలుసు. నువ్వే ఓర్చుకోలేవు. నీ కళ్ళముందు ఆయన అట్లా ఉంటే మూడో రోజుకి అంబులెన్సు మాట్లాడతావు. ఆ రోజు కోసమే కూర్చున్నాను.

నీ వదిన

జూలై 28

వదినా,

నీ ఉత్తరం అన్నయ్యకి ఇచ్చాను.

చదివి వినిపించలేదు. నేను ఒక మాట కలిపాననో తీశాననో రేపు నువ్వు అనకూడదని, కళ్ళజోడు పెట్టి చేతికిచ్చాను. అప్పటికి రెండు రోజులుగా ఆ చెయ్యి కట్టే ఉంది. పట్టీ విప్పించి ఇచ్చాను. మణికట్టు దగ్గర తోలు లేచిపోయి ఉంది.

నిదానంగా చదివాడు. "చెప్పను" దగ్గర ఒకసారి ఆగాడు. "నాలుగు రోజులు ఓర్చుకుంటాడు" అన్నచోట వేలు పెట్టి, అక్కడే ఉంచాడు. చాలాసేపు తియ్యలేదు. తర్వాత కాగితం నాకు ఇచ్చేశాడు.

అప్పటినుంచి భుజం మీద కొట్టుకోవడం లేదు. వేళ్ళు నలపడం లేదు. చెయ్యి కదపడమే లేదు. నెమ్మదించాడని ఆయాలు సంతోషపడ్డారు. పట్టీ అవసరం లేదన్నారు.

నీకు కావాల్సింది మూడో రోజు. ఇదీ ఆ మూడో రోజు.

నీ మరదలు

ఆగస్టు 9

అమ్మాయీ,

మీ అన్నయ్యని చూడటానికి అక్కడికి వచ్చి వెళ్ళాక ఉత్తరం రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

ఆ రోజు నువ్వు గుమ్మం దగ్గర నిలబడి అంతా చూశావు కనక నీకు తెలుసు. అయినా నేను చూసింది రాస్తాను. నేను గదిలోకి రాగానే ఆయన నన్ను చూశాడు. నేను మంచం దగ్గరికి చేరేలోపు చేతిని దుప్పటి కిందికి తీసుకున్నాడు. మంచి చెయ్యి. మాట్లాడే చెయ్యి. "ఎట్లా ఉన్నావు" అని అడిగాను మా మాటలో. "తప్పయింది" అనబోయాను. మా మాటలో తప్పుకి సైగ లేదు, మిల్లులో తప్పు చేస్తే జీతం కోసేవాళ్ళు, ఎవరూ క్షమాపణ అడిగేవాళ్ళు కాదు. చెంపలు వేసుకున్నాను. పక్క మంచం ఆయన నవ్వాడు. మీ అన్నయ్య పైకప్పు చూస్తూ పడుకున్నాడు. దుప్పటి కింద వేళ్ళు కదులుతాయేమో అని చూస్తూ కూర్చున్నాను. కదల్లేదు.

"అలసిపోయాడు వదినా" అన్నావు నువ్వు. ఆ మాట మొహం నా వైపు తిప్పి, నిదానంగా అన్నావు. గమనించాను.

ఇంటికొచ్చిన మర్నాడు అడితి వాళ్ళు మేస్త్రిని గోనెసంచిలో వేసి తెచ్చి ఇచ్చారు. పాపం, నెలనాళ్ళుగా నేను పోరుతుంటే వల వేసి పట్టారు. ఒక చెవి చిరిగింది. ఒళ్ళంతా రంపప్పొట్టు. సంచి విప్పగానే వెళ్ళి ఖాళీ మంచం కింద దూరింది. పాలు పెట్టినా ముట్టలేదు. నా వైపు చూస్తూ నోరు తెరుస్తుంది, మూస్తుంది, తెరుస్తుంది. ఎంత గట్టిగా అరుస్తోందో నాకు తెలీదు. టైలరమ్మ వచ్చి చెవులు మూసుకుని చూపించింది. అప్పుడు తెలిసింది. తలుపు గోకి గోకి గోళ్ళనుంచి నెత్తురు వచ్చింది.

నువ్వు మొదటి ఉత్తరంలో నన్ను అన్న పని ఇప్పుడు చేశాను. తలుపు నేనే తీశాను. ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా మెట్లు దిగింది.

ఇంక నీకు కావాల్సింది రాస్తాను. రెండు వేళ్ళు భుజం మీద కొడితే, మేస్త్రి వస్తున్నాడు జాగ్రత్త అని మిల్లులో అర్థం. ఆయన మాత్రం పిల్లి ఏది అని అడుగుతున్నాడు. దానికి ఆ పేరు పెట్టింది ఆయనే, ఆ సైగతోనే. భుజానికి సూదులు వేయించారు మీరు. బొటనవేలితో చూపుడువేలు నలిపితే దారం తెగిందని. ఆయనకి ఎక్కడో నొప్పి అన్నమాట, ఒక్కో చోటూ తాకి చూపిస్తూ అడగండి, సరైన చోట తల ఊపుతాడు. పిడికిలి ఆడిస్తే మగ్గం ఆపమని, అంటే చాలు, ఇంక పెట్టకు. అరచెయ్యి గడ్డం కింద పెడితే నీళ్ళు. చిటికెన వేలు నీకూ తెలుసు. వేళ్ళు అయిదూ విప్పి గాలిలోకి ఊదినట్టు చేస్తే షిఫ్టు అయిపోయింది, ఇంటికి వెళదాం అని. రోజూ సాయంత్రం ఆ చివరినుంచి ఆయన అట్లా చేసేవాడు, ఈ చివరినుంచి నేను చేసేదాన్ని.

ఇంకా చాలా ఉన్నాయి. అడిగితే రాస్తాను. ఒక్కటి కూడా దాచుకోను. నీ చేతులతో అడిగితే ఆయన జవాబు చెబుతాడేమో. నాకు చెప్పడు.

మీ వదిన

ఆగస్టు 20

వదినా,

అన్నయ్య మాట్లాడుతున్నాడు.

మొదటి రోజు నేను భుజం మీద కొట్టి, పిల్లి బాగుంది, బయటే ఉంటోంది అని చెప్పాను. కళ్ళు పెద్దవి చేసి నన్ను చూశాడు. తర్వాత దుప్పటి కిందినుంచి చెయ్యి తీశాడు. నొప్పి నడుము కింద. పుండు పడింది. ఇన్నాళ్ళూ ఆయన చెబుతున్నది అదే. మందు రాస్తున్నారు, మానుతుందన్నారు. జావ తాగుతున్నాడు. నేను తప్పుగా చేస్తే నా వేళ్ళు పట్టుకుని సరిచేస్తున్నాడు. నా చిన్నప్పుడు పలక మీద దిద్దించినట్టే.

చొక్కాలు పంపించు, చేతులు పొట్టిగా ఉన్నవి. గడ్డం గీసుకునే సామాను కూడా. అవి ఆయన అడిగినవే.

ఇంటికి వెళదాం అనే సైగ ఆయన ఇంతవరకూ చెయ్యలేదు. నువ్వు ఎదురుచూస్తుంటావని నాకు తెలుసు. అందుకని నిన్న నేనే చేశాను. వేళ్ళు అయిదూ విప్పి, నువ్వు రాసినట్టే. "వదిన దగ్గరికి" అని నోటితో కూడా అన్నాను. నా చెయ్యి వైపు చూశాడు. తర్వాత తల అడ్డంగా తిప్పాడు. ఇంకోసారి అడిగాను. పిడికిలి ఆడించాడు.

ఈ మాట నీకు రాయడం నాకు సంతోషంగా లేదు. మొన్న జూన్‌లో అయితే ఉండేది.

నీ మరదలు